విశాఖపట్నమునుండి ఢిల్లీకి ఆకాశమార్గమున ఎంత దూరము? ఎంత కాలము?

మామిడికోతలు సమీపించినప్పుడెల్ల మన సభ్యులు మమ్ము తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు: "విమానము రెండున్నర గంటలలో ఢిల్లీ చేరుచున్నది గదా, మన కాయలను దానిమీద పంపరాదా?" ఈ ప్రశ్న మంచిదే. కాని దీనికి అవుననియో కాదనియో ఒక్క మాటలో బదులు చెప్పుట మేలు కాదు. దూరమును కాలమును లెక్కించు పద్ధతిని తెలిసికొన్నయెడల ప్రతి రైతును తన సరకునకు తానే సమాధానము చెప్పుకొనగలడు. ఈ లెక్క తెలియకపోవుటచేత, విమానమెక్కిన కాయ చెడదని నమ్మి, చెట్టున పండబాఱినదానినే కోసి పంపి నష్టపోయినవారిని మేమెఱుగుదుము. దూరదేశములలో బిడ్డలున్న యిండ్లలో ఇదే లెక్క కష్టకాలమున మఱింత అక్కఱకు వచ్చును. కావున ఈ నెల పాఠమును దీనికే వినియోగించుచున్నాము.

1. దూరములు పలువిధములు

"ఎంత దూరము?" అని యెవరైన నడిగినప్పుడు, "ఏ దారిని?" అని మనము తిరిగి యడుగవలెను. ముప్పది గజముల వెడల్పును నలువది గజముల పొడవును గల మడి నొకదానిని తలచుకొనుడు. దాని యొక మూలనుండి ఎదుటి మూలకు గట్టువెంబడి నడచినచో డెబ్బది గజములగును. కోత యైన పిదప మడికి అడ్డముగా నడచినచో ఏబది గజములే. విమానము మడికి అడ్డముగా నడచువానివంటిది. రైలును లారీయు గట్టువెంబడి నడచువారివంటివి.

విశాఖపట్నపు విమానాశ్రయమునకును ఢిల్లీ విమానాశ్రయమునకును నడుమ భూమిపై తిన్నగా కొలిచిన దూరము సుమారు 1,357 కిలోమీటర్లు. రైలుమార్గము రాయగడ, రాయపూరు, నాగపూరు, భోపాలు మీదుగా సుమారు 1,900 కిలోమీటర్లు. విజయవాడ మీదుగా సుమారు 2,100 కిలోమీటర్లు. మొదటి మార్గము మన బొబ్బిలి స్టేషనుగుండనే పోవుచున్నది. విజయనగరమునుండి రాయపూరునకు రైలుమార్గము 1931లో పూర్తియైనది. లోపలి సీమలలోని ఖనిజములను విశాఖపట్నపు రేవునకు చేర్చుట దాని ముఖ్యోద్దేశములలో నొకటి. ఆ రేవు 1933లో తెఱవబడెను. ఖనిజములకొఱకు వేసిన ఆ దారియే నేడు మనలను ఉత్తరదేశమునకు చేర్చుచున్నది.

ఇచ్చట మన సభ్యులు గమనింపదగిన విశేష మొకటి కలదు. బొబ్బిలినుండి ఢిల్లీకి తిన్నగా కొలిచిన దూరము సుమారు 1,280 కిలోమీటర్లు మాత్రమే. అనగా విశాఖపట్నముకంటె మనమే ఢిల్లీకి డెబ్బది యేడు కిలోమీటర్లు దగ్గఱగా నున్నాము. అయినను విమానమెక్కుటకు మనము మొదట దక్షిణముగా సుమారు 115 కిలోమీటర్లు రోడ్డుమీద పోయి, తిరిగి మన తలలమీదుగా ఉత్తరమునకు రావలయును. విమానపు దూరమును మాత్రము చూచువాడు ఈ వెనుక నడకను మఱచును.

2. దూరమును కొలుచు విధము

మొదటి పద్ధతి దారముతో కొలుచుట. పాఠశాలలయందు ముప్పది సెంటీమీటర్ల అడ్డుకొలత గల భూగోళ ముండును. దాని చుట్టుకొలత సుమారు 94 సెంటీమీటర్లు. నిజమైన భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. కాబట్టి గోళముపై ఒక సెంటీమీటరు సుమారు 425 కిలోమీటర్లకు సమానము. దారము నొక కొనను విశాఖపట్నముపైనను, రెండవ కొనను ఢిల్లీపైనను బిగువుగా పట్టి, పిమ్మట కొలబద్దపై చూడుడు. 3.2 సెంటీమీటర్లు వచ్చును. 425చే గుణించిన 1,360 కిలోమీటర్లు. మన పిల్లలు అయిదు నిమిషములలో చేయగల పని యిది. గోడపటము మీద కొలువరాదు. గుండ్రని భూమిని చదునుగా పఱచినప్పుడు దూరములు సాగుటయు ముడుచుకొనుటయు కలదు.

రెండవ పద్ధతి అక్షాంశ రేఖాంశములతో లెక్కించుట. ఉత్తర దక్షిణముగా ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు. విశాఖపట్నమునకును ఢిల్లీకిని ఉత్తర దక్షిణముల భేదము ఇంచుమించు 10.8 డిగ్రీలు, అనగా సుమారు 1,200 కిలోమీటర్లు. తూర్పు పడమరలుగా డిగ్రీ దూరము ఉత్తరమునకు పోవుకొలది తగ్గుచుండును. ఈ రెండు నగరముల నడుమ దానిని 102 కిలోమీటర్లుగా తీసికొనవచ్చును. భేదము ఇంచుమించు 6.1 డిగ్రీలు, అనగా సుమారు 625 కిలోమీటర్లు. ఇక మడి లెక్కయే. 1,200 పొడవును 625 వెడల్పును గల మడికి కర్ణమెంత? రెండింటి వర్గములను కూడి వర్గమూలము తీసిన 1,353 వచ్చును. సూక్ష్మగణితముచే వచ్చు 1,357నకు ఇది నాలుగు కిలోమీటర్లే తక్కువ. మన పనికి ఇంతకంటె సూక్ష్మత అక్కఱలేదు.

3. ఎగురు కాలము

పెద్ద ప్రయాణికుల విమానము పది, పదునొకండు కిలోమీటర్ల యెత్తున గంటకు సుమారు 800 కిలోమీటర్ల వేగముతో పోవును. కాని నేలమీద దొరలుట, పైకెక్కుట, క్రిందికి దిగుట వీనియందు ఆ వేగ ముండదు. అందుచేత దూరమును 800చే భాగించి, అరగంట కలుపుడు. 1,357ను 800చే భాగించిన ఒక గంట 42 నిమిషములు. అరగంట కలిపిన రెండు గంటల 12 నిమిషములు. విమానము గీత గీసినట్లు పోక, తనకు నిర్ణయింపబడిన దారిని పోవును గనుక మఱి కొన్ని నిమిషములు పట్టును. టిక్కెట్లపై రెండుంబావునుండి రెండున్నర గంటల వఱకు చూపుట ఇందువలననే.

పోవుకాలమును వచ్చుకాలమును సమానముగా నుండవు. మీదియాకాశమున పడమటినుండి తూర్పునకు వీచు బలమైన గాలి శీతకాలమున ఉత్తరహిందూస్థానముపై మిక్కుటముగా నుండును. ఢిల్లీనుండి మనవైపు వచ్చు విమానమునకు ఆ గాలి వెనుకనుండి తోడ్పడును. ఢిల్లీకి పోవుదానికి కొంత ఎదురగును. ఏటివాలున పోవు పడవకును ఎదురెక్కు పడవకును గల భేదమే యిది.

4. తోటనుండి మార్కెట్టువఱకు పట్టు కాలము

ఇప్పుడు అసలు లెక్కకు వచ్చితిమి. కాయలు ట్రేలలో సర్దిన గడియనుండి ఢిల్లీలోని ఆజాద్‌పూరు మార్కెట్టున కొనువాని యెదుట దింపువఱకు గంటలను కూడవలెను. క్రింది గంటలు మేము వేసికొన్న అంచనాలు. ఎవరి యనుభవమునుబట్టి వారు మార్చుకొనవచ్చును.

విమానమార్గము:
బొబ్బిలినుండి విమానాశ్రయమునకు లారీమీద — 3 గంటలు
తూకము, పరీక్ష, ఎక్కించుట — 4 గంటలు
విమానయానము — 2 గంటల 15 నిమిషములు
ఢిల్లీలో దింపి అప్పగించుట — 3 గంటలు
అచ్చటినుండి మార్కెట్టునకు — 1 గంట 30 నిమిషములు
మొత్తము — 13 గంటల 45 నిమిషములు

రైలుమార్గము:
విశాఖపట్నమునకు లారీమీద — 3 గంటలు
పార్సెలు కార్యాలయమున నమోదు, ఎక్కించుట — 4 గంటలు
రైలు ప్రయాణము — సుమారు 33 గంటలు
దింపుట — 3 గంటలు
మార్కెట్టునకు — 2 గంటలు
మొత్తము — 45 గంటలు

రైలు బొబ్బిలిమీదుగానే పోవుచుండగా విశాఖపట్నమున కేల పోవలె నని కొందఱడుగుదురు. ఇచ్చట బండి కొలది నిమిషములే నిలుచును. నాలుగైదు పార్సెళ్లైన ఎక్కించవచ్చును గాని, టన్నులకొలది సరకును బండి బయలుదేరుచోటనే ఎక్కింపవలసి యుండును.

ఈ రెండు పట్టికలను పోల్చి చూడుడు. ఎగురు కాలమును రైలు కాలమును మాత్రము పోల్చినయెడల విమానము పదునాలుగు రెట్లకు పైగా వేగము గలది. కాని మొత్తముమీద చూచినయెడల అది మూడు రెట్లకు కొంచెము మించును, అంతే. పదమూడు ముప్పావు గంటలలో రెండుంబావు గంటలే ఆకాశమున గడచుచున్నవి. తక్కిన పదునొకండున్నర గంటలు నేలమీదనే. ప్రయాణికుల విమానములో వారి సామానులు పోగా మిగిలిన చోటనే సరకునకు స్థానము. ఆ దినమున చోటు చాలక మన ట్రేలు మఱునాటికి మిగిలినచో ఇరువదినాలుగు గంటలు కలియును. అప్పుడు మొత్తము ముప్పదియెనిమిది గంటలకు సమీపించును. రైలునకు దానికిని భేద మేమి మిగిలినది?

వేచియుండు కాలమును తగ్గించుటయే వేగమని పెద్దపనులు చేయువారు ఎప్పుడో గ్రహించిరి. మన దేశమున 1932 అక్టోబరు 15వ తేదీని జె.ఆర్.డి. టాటా కరాచీనుండి బొంబాయికి చిన్న విమానముపై టపాను తెచ్చెను. 1949 జనవరిలో రాత్రి విమాన టపా ఆరంభమైనది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములనుండి బయలుదేరిన విమానములు నడిరేయి నాగపూరున కలిసికొని, సంచులను మార్చుకొని తిరిగిపోవుచుండెను. అందుకొఱకు విమానముల వేగ మేమియు పెంచలేదు. ఉత్తరములు ఊరక పడియుండు రాత్రికాలమును ప్రయాణమునకు వినియోగించిరి.

సరకు రైలు విషయమునను ఇంతే. 2020 సెప్టెంబరు 9వ తేదీని అనంతపురమునుండి ఢిల్లీలోని ఆదర్శనగరునకు కిసాన్ రైలు 332 టన్నుల పండ్లు కూరగాయలతో బయలుదేరినది. సుమారు 2,150 కిలోమీటర్ల దూరమునకు నిర్ణయించిన కాలము సుమారు 40 గంటలు; అనగా గంటకు 54 కిలోమీటర్లు. ఇది గొప్ప వేగము కాదు. కాని లారీమీద రెండు మూడు దినములు ఎండలో పోవు పండు దానిపై రెండు పగళ్లు మించక చేరగలదు.

భోగాపురము విమానాశ్రయమునకు 2023 మే 3వ తేదీని శంకుస్థాపన జరిగినది. అది మనకు విశాఖపట్నముకంటె దగ్గఱ. అచ్చటనుండి సరకు పంపువారు పై పట్టికలో మొదటి పంక్తిని మార్చుకొనవలెను. ఆకాశమునందలి నిమిషములు మాత్రము ఇంచుమించు అవియే.

5. తొందరకు వెల ఎంత?

విమానమున పంపినందువలన మనకు లభించునది సుమారు ఒక పగలును ఒక రాత్రియు, పైన కొన్ని గంటలు. ఆ కాలమునకు మన సరకులో ఎంత విలువ కలదో చూడవలెను.

ముదిరిన పచ్చికాయగా కోసిన బంగినపల్లి గాని సువర్ణరేఖ గాని మన వేసవిలో మాగుటకు ఇంచుమించు ఒక వారము పట్టును. పన్నెండు, పదమూడు డిగ్రీల చల్లదనమున నుంచినచో రెండు మూడు వారములు నిలుచును. అంతకంటె ఎక్కువ చల్లబఱచిన తోలు నల్లబడి, కాయ సరిగా మాగదు. వారము గడువు గల కాయకు ఒకటింబావు దినము మిగిల్చినందువలన లాభము స్వల్పము. దీనిని అంకెలతో చూతము. ఈ అంకెలు లెక్క నేర్చుకొనుటకు ఊహించినవే కాని మార్కెట్టు ధరలు కావు. కాయ కిలో 60 రూపాయలనుకొనుడు. రైలుమీద నూటికి 8, విమానముమీద నూటికి 3 పాడగుననుకొనుడు. మిగులునది నూటికి 5. అనగా కిలోకు 3 రూపాయలు. విమానపు కూలి రైలుకూలికంటె కిలోకు 30 రూపాయలు హెచ్చనుకొన్నయెడల, మూడు రూపాయలు మిగుల్చుకొనుటకు ముప్పది రూపాయలు వెచ్చించినట్లగును.

వేఱొక సరకును చూడుడు. కిలో 300 రూపాయలు పలుకు విడిపూలు ఒక దినమాలస్యమైన నూటికి నలువది వాడిపోవుననుకొనుడు. అప్పుడు మిగులునది కిలోకు 120 రూపాయలు. అట్టిదానికి విమానము తగును. ఋతువునకు మొట్టమొదట వచ్చు సువర్ణరేఖకు ఢిల్లీలో 'సుందరి' యను పేరు కలదు. ముందుగా చేరినదానికి అధికమైన ధర దొరకునప్పుడు ఆ యధికమును కూడ లెక్కలో చేర్చవలెను. లెక్క తీరు ఒక్కటే: కిలోకు హెచ్చు కూలి ఒక వైపున, కిలోకు మిగులు విలువ రెండవ వైపున వేసి తూచుడు.

మామిడి విషయమున విమానముకంటె ఎక్కువ మేలు చేయునవి మన చేతిలోనే యున్నవి. చెట్టును దులుపక చిక్కముతో కోయుడు. తొడిమను ఒక సెంటీమీటరు ఉంచి, సొన కాయమీద కాఱనీయకుడు. ఉదయపు చల్లదనమున కోసి నీడకు చేర్చుడు. దెబ్బతిన్నదానిని వేఱుచేయుడు. గాలి యాడు ట్రేలలో సర్దుడు. కార్బైడుతో మాగవేయుట చట్టముచే నిషిద్ధము. తోటలో నష్టమైన రెండు దినములను ఏ విమానమును తిరిగి ఇయ్యజాలదు.

ఇందు సంఘముయొక్క ఉపయోగము కలదు. రైలు పార్సెలు పెట్టె యొకటి 23 టన్నులు మోయును. ట్రేతో కూడ ఇరువది కిలోల వంతున 1,150 ట్రేలు. ఒక్క రైతు దానిని నింపలేడు. సభ్యుడొకడు 25 ట్రేలు తెచ్చినచో నలువది యాఱుగురు కలసి నింపగలరు. ఒకే దినమున కోసి, ఒకే కొలతగా ఏఱి, ఒకే లారీల వరుసలో పంపుటకు ముందుగా ఒప్పందము చేసికొన్నయెడల గిడ్డంగిలో వేచియుండు గంటలు తగ్గును.

6. మనిషి రావలసినప్పుడు

కాయ లెక్క ముగిసినది. ఇక మనిషి లెక్క. పూర్వము మన తీరమువారు కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్నము రేవులనుండి పొగయోడలమీద రంగూనునకు కూలికి పోవుచుండిరి. నేడు మన యువకులు గల్ఫు దేశములలో పనిచేయుచున్నారు. ఇంట తండ్రి కాలము చేసినప్పుడు, "కుమారుడు దుబాయినుండి నాలుగు గంటలలో రాగలడు, సాయంకాలమువఱకు ఆగుదము" అని పెద్దలనుట విన్నాము. వారు చెప్పిన నాలుగు గంటలు ఆకాశములోనివి.

లెక్క చూడుడు. దుబాయినుండి హైదరాబాదునకు తిన్నగా సుమారు 2,550 కిలోమీటర్లు. మన సూత్రముచొప్పున మూడు గంటల నలువది నిమిషములు. గడియారముల భేదమును మఱువరాదు. భూమి గంటకు పదునైదు డిగ్రీలు తిరుగును. మన దేశకాలము తూర్పు రేఖాంశము 82½ డిగ్రీలనుబట్టి నిర్ణయింపబడినది, దుబాయి కాలము 60 డిగ్రీలనుబట్టి. భేదము 22½ డిగ్రీలు, అనగా గంటన్నర. అచ్చటి గడియారము మనకంటె గంటన్నర వెనుక. టిక్కెట్టుపై బయలుదేరు గంట ఆ యూరి కాలము, చేరు గంట ఈ యూరి కాలము.

ఉదయము ఆఱు గంటలకు మన మిచ్చటినుండి ఫోను చేసినచో అతనికి నాలుగున్నర. యజమాని యనుమతి, పాస్‌పోర్టు, టిక్కెట్టు సమకూరి, ఆ రాత్రి పది గంటల విమానమున చోటు దొరకెననుకొనుడు. అప్పుడు మనకు పదునొకండున్నర. హైదరాబాదున దిగునప్పటికి తెల్లవాఱుజామున మూడు గంటల పది నిమిషములు. తనిఖీలు ముగించుకొని, ఆఱు గంటలకు వేఱొక విమానమెక్కి, ఏడుంబావునకు విశాఖపట్నమున దిగి, బొబ్బిలి చేరునప్పటికి పదునొకండు కావచ్చును. ఫోను చేసినది మొదలు ఇరువదితొమ్మిది గంటలు. అందు ఎగిరినవి అయిదు గంటలలోపే.

కావున అట్టి యిండ్లవారు, అతడు విమానమెక్కకముందే ఈ లెక్కను ఇరుగుపొరుగువారితో కలసి వేసికొని, మఱునాటి మధ్యాహ్నమువఱకు శరీరమును శీతలపేటికలో నుంచు ఏర్పాటు వెంటనే చేసికొనవలెను. ఈ మాట చెప్పువారు లేక, సాయంకాలమువఱకు చూచి, ఇక ఆగలేమని దహనము గావించిన పిదప కుమారుడు వాకిట దిగిన యిండ్లు మన ప్రాంతమున కలవు. బిడ్డ పాస్‌పోర్టు ప్రతిని, పనిచేయుచోటి ఫోను సంఖ్యను, అతనితో నుండు స్నేహితుని ఫోను సంఖ్యను ఒక కాగితముపై వ్రాసి ఇంటిపెట్టెలో నుంచుకొనుట అందఱకును మంచిది. దానివలన నేలమీది గంటలే తగ్గును. తగ్గింప వీలైనవి అవియే.

అభ్యాసములు

1. గోళముపై దుబాయినుండి విశాఖపట్నమునకు దారము 7 సెంటీమీటర్లు వచ్చినది. దూరమెంత? మధ్య దిగక పోవు విమానమునకు మన సూత్రముచొప్పున కాలమెంత?
2. విశాఖపట్నమునకును ఢిల్లీకిని రేఖాంశ భేదము 6.1 డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషముల వంతున సూర్యుడు నడినెత్తికి వచ్చుటలో ఎన్ని నిమిషముల భేద ముండును? రెండుచోట్లను గడియారము ఒక్కటేల?
3. మీ తోటనుండి మీ సరకు అమ్ముడుపోవు చోటికి గల ప్రతి మజిలీని వరుసగా వ్రాసి, ఎదుట గంటలను వేయుడు. కదలుచున్న గంటలెన్ని? నిలిచియున్న గంటలెన్ని?

మూడవ ప్రశ్నకు సభ్యులు వ్రాసిన పట్టికలను వచ్చు సమావేశమునకు తేవలెను. అందఱి పట్టికలను ప్రక్క ప్రక్కన పెట్టి చూచిన, ఏ మజిలీయందు ఎక్కువగా నిలిచిపోవుచున్నామో తెలియును. కోతలకు ముందే దానిని సరిచేసికొనవచ్చును.